ఎయిడ్స్ మందులు – అమెరికా రాజనీతి

"పై దేశాల వాళ్ళు మందులు ఊరికే ఎందుకు ఇస్తారండీ?" అని కొందరు అడుగుతుంటారు. మంచి ప్రశ్నే. ఆఫ్రికా సంగతి చూద్దాం.

2003 జనవరి 28న అమెరికా అధ్యక్షుడు జార్జి బుష్, ఎయిడ్స్ సహాయానికి ఐదేళ్ళలో 1,500 కోట్ల డాలర్లు ఇస్తామని ప్రకటించారు. ఆ పథకం పేరు పెప్‌ఫార్. రెండు నెలలకే ఇరాక్ యుద్ధం మొదలైంది. ఎన్నో దేశాల్లో జనం అమెరికాను తిట్టుకున్నారు. ఆఫ్రికాలో మాత్రం 2008లో బుష్ టాంజానియా వెళితే, ఆయన బొమ్మ అచ్చువేసిన బట్టలు కట్టుకుని స్త్రీలు నాట్యం చేసి స్వాగతించారు. సైన్యం తేలేని పేరును మాత్రలు తెచ్చిపెట్టాయి.

షరతులు లేకపోలేదు. నివారణకిచ్చే సొమ్ములో మూడో వంతు, పెళ్ళి వరకు బ్రహ్మచర్యం పాటించమని చెప్పే కార్యక్రమాలకే పోవాలన్నారు. 2008లో ఆ నియమం తీసేశారు. వ్యభిచార వృత్తిని ఖండిస్తామని సంస్థలు రాసివ్వాలన్నారు. ఆ వృత్తిలోని స్త్రీలతో కలిసి ఎయిడ్స్‌పై పనిచేస్తున్న బ్రెజిల్ 2005లో 4 కోట్ల డాలర్లు వద్దనేసింది! మందుల విషయంలోనూ అంతే. 2001లోనే మన సిప్లా కంపెనీ రోజుకు డాలరు లోపు ఖర్చుతో మూడు మందుల చికిత్స ఇస్తామన్నా, అమెరికా అనుమతి ఉన్నవే కొనాలన్నారు. 2004లో అనుమతి త్వరగా ఇచ్చే పద్ధతి పెట్టారు. తరువాత మన హైదరాబాదు అరబిందో ఫార్మా మందులకూ అనుమతి దొరికింది.

షరతులున్నాయని మేము ఆ సహాయాన్ని తక్కువ చేయము. సుమారు రెండున్నర కోట్ల ప్రాణాలు దక్కాయని అమెరికా ప్రభుత్వ అంచనా. మా బెంగ వేరు. హెచ్.ఐ.వి. మందు జీవితాంతం వేసుకోవలసినది. ఆపితే కొద్ది వారాల్లోనే వైరస్ మళ్ళీ పెరుగుతుంది. ఇచ్చే ప్రభుత్వం మాత్రం ఎన్నికతో మారిపోతుంది. 2025 జనవరి 20న అధ్యక్షుడు ట్రంప్ విదేశీ సహాయాన్ని నిలిపివేశారు. ఆఫ్రికాలో కొన్ని క్లినిక్కులు తలుపులు మూశాయి. ప్రాణాధార మందులకు మినహాయింపు ఇచ్చినా, డబ్బు చాలా చోట్లకు వేళకు చేరలేదు.

మన దేశంలో 2004 ఏప్రిల్ 1 నుండి ప్రభుత్వమే ఎ.ఆర్.టి. మందులు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ మందులు వాడుతున్నవారు ఇలాంటి వార్తలు విని మాత్రలు దాచుకోవద్దు, రోజు విడిచి రోజు వేసుకోవద్దు. సీసా ఖాళీ అయ్యేదాకా ఆగకుండా వారం ముందే ఎ.ఆర్.టి. సెంటరుకు వెళ్ళండి.