బస్సు ఒకసారి ఆగితే ఖర్చెంత?

ఈసారి గోడపత్రికకు నన్ను సైన్సు వ్యాసం వ్రాయమన్నారు. నేను బస్సు బ్రేకు గురించి వ్రాస్తున్నాను. ఇంత పెద్ద సైన్సులో బ్రేకే ఎందుకు దొరికింది అని మా రూములో అందరూ నవ్వారు. దానికి కారణం ఉంది.

మా కాలనీ సముద్రం దిక్కు పోయే రోడ్డు పక్కన ఉంటుంది. స్టేజీ అని బోర్డు లేదు, ఒక వేపచెట్టు ఉంది. ముందు స్టేజీకి, తరువాత స్టేజీకి మధ్యలో ఉన్నాము. చెయ్యి ఎత్తితే కొందరు డ్రైవర్లు ఆపుతారు, కొందరు ఆపరు. మా అవ్వ పీతల బుట్ట నెత్తిన పెట్టుకుని తెల్లవారుజామున నిలబడుతుంది. బస్సు ఆగకపోతే బుట్టతోనే పెద్ద స్టేజీ దాకా నడుస్తుంది. దసరా సెలవులకు నేను ఇంటికి పోయేటప్పుడు వేపచెట్టు కాడ ఆపమని అడిగాను. "నలుగురి కోసం నాలుగు చోట్ల ఆపితే డీజిల్ ఎవరు పోస్తారమ్మా?" అన్నాడు డ్రైవరు. దిగింది పెద్ద స్టేజీలోనే. చీకట్లో సరుగుడు తోపు వెంట నడిచి వచ్చాను. నడుస్తా ఉంటే నాకు కోపం కంటే ఒక అనుమానం ఎక్కువ వచ్చింది. నిజంగా ఒకసారి ఆపితే ఎంత డీజిల్ పోతుంది? ఆపితే డీజిల్ ఎందుకు పోవాలి, ఆగింది కదా?

స్కూలుకు వచ్చాక సైన్సు మేడంని అడిగాను. మేడం "గతిశక్తి పాఠం చదివావు కదా, నువ్వే లెక్క వెయ్యి" అన్నారు. వేశాను.

పాఠంలో ఉన్నది ఇంతే. కదిలే వస్తువుకు గతిశక్తి ఉంటుంది. ద్రవ్యరాశిలో సగాన్ని వేగం వర్గంతో గుణించాలి. బస్సు జనంతో కలిపి 12 టన్నులు అనుకుందాం, అనగా 12,000 కిలోలు. గంటకు 36 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు 10 మీటర్లు. (లెక్క సులువుగా రావాలని 36 తీసుకున్నాను.) సగం 6,000, పది వర్గం 100. గుణిస్తే 6,00,000 జౌళ్ళు. కరెంటు బిల్లులో ఒక యూనిట్ అంటే 36,00,000 జౌళ్ళు. కాబట్టి పరుగెత్తే బస్సులో యూనిట్‌లో ఆరో వంతు శక్తి ఉంటుంది.

ఆ శక్తి డీజిల్ నుండి వచ్చిందే. డ్రైవరు బ్రేకు తొక్కగానే ఏమవుతుంది? చక్రంతో పాటు తిరిగే ఇనుప డ్రమ్మును బ్రేకు లైనరు గట్టిగా ఒత్తుతుంది. రాపిడి వల్ల వేడి పుడుతుంది. చలికాలం మనం అరచేతులు రుద్దుకున్నట్టే. ఆ ఆరు లక్షల జౌళ్ళూ వేడి అయి గాలిలో కలిసిపోతాయి. తిరిగి బయలుదేరాలంటే ఇంజను మళ్ళీ అంత శక్తి కొత్తగా ఇవ్వాలి. అంటే డీజిల్ ఆగినందుకు పోదు, మళ్ళీ కదిలినందుకు పోతుంది. ఊళ్ళో తిరిగే బస్సు హైవే బస్సు కంటే ఎక్కువ తాగేది ఇందుకే.

లీటరు డీజిల్‌లో సుమారు 10 యూనిట్ల శక్తి ఉంటుంది. ఇంజను అందులో మూడో వంతు మాత్రమే చక్రానికి ఇస్తుంది అనుకుందాం. మిగతాది పొగగొట్టంలోంచి, రేడియేటర్‌లోంచి వేడిగా పోతుంది. ఆ లెక్కన ఒక లీటరుతో బస్సును 20 సార్లు ఆపి మళ్ళీ అంతే వేగానికి తేవచ్చు. ఒక్కసారికి 50 మిల్లీలీటర్లు. మనకు తలకు ఇచ్చే కొబ్బరినూనె 100 మిల్లీలీటర్ల సీసా ఉంది కదా, అందులో సగం. లీటరు వంద రూపాయలు అనుకుంటే ఐదు రూపాయలు. బస్సు నిలబడినంతసేపు ఇంజను తిరిగే నూనె వేరే, అది కూడా వ్రాయాలి, లేకపోతే మోసం అవుతుంది. అయినా మా వేపచెట్టు విలువ ఐదారు రూపాయలు.

ఐదు రూపాయలు తక్కువే. కానీ రోజంతా వందసార్లు ఆగితే ఐదు లీటర్లు. డ్రైవరు మాటలో అబద్ధం లేదు. అందుకే నాకు రెండో ప్రశ్న వచ్చింది. ఆ శక్తిని వేడిగా పోనీయకుండా పట్టుకోలేమా?

పట్టుకోవచ్చు. దాన్ని నేను మన వాచ్‌మెన్ మామ సైకిలు మీద చూశాను. ఆ పాత సైకిలుకు డైనమో ఉంది. డైనమోను టైరుకు ఆనిస్తే లైటు వెలుగుతుంది, కానీ తొక్కడం బరువవుతుంది. మేము సైకిలును తలకిందులుగా నిలబెట్టి చక్రాన్ని గట్టిగా తిప్పి వదిలాము. డైనమో ఆనించకపోతే చాలాసేపు తిరిగింది. ఆనిస్తే బల్బు వెలిగింది, చక్రం తొందరగా ఆగిపోయింది. అప్పుడు మేడం బల్బు వైరు పీకి మళ్ళీ తిప్పమన్నారు. డైనమో ఆనుకునే ఉంది, అయినా చక్రం ఇంతకుముందు కంటే ఎక్కువసేపు తిరిగింది! కరెంటు తీసుకునేవాళ్ళు ఉంటేనే డైనమో చక్రాన్ని పట్టి ఆపుతుంది. లేకపోతే దాని రోలరు రాపిడి మాత్రమే. నాకు ఈ ప్రయోగంలో అన్నిటికంటే ఇదే నచ్చింది.

ఎలక్ట్రిక్ బస్సులో జరిగేది ఇదే. డైనమోకు, మోటారుకు లోపల పెద్ద తేడా లేదు. కరెంటు ఇస్తే తిరుగుతుంది, మనం తిప్పితే కరెంటు ఇస్తుంది. రొయ్యల గుంటల్లో నీళ్ళు చిలికే మోటారు చూశారు కదా, అది కరెంటుతో తిరుగుతుంది. బస్సు చక్రాన్ని తిప్పేదీ మోటారే. డ్రైవరు కాలు తీసి బ్రేకు మీద పెట్టగానే ఆ మోటారు డైనమోగా మారుతుంది. చక్రం దాన్ని తిప్పుతుంది, కరెంటు బ్యాటరీలోకి పోతుంది, బస్సు నెమ్మదిస్తుంది. దీన్ని రీజనరేటివ్ బ్రేకింగ్ అంటారు. తెలుగులో "తిరిగి ఇచ్చే బ్రేకు" అనుకోవచ్చు. మామూలు బ్రేకు తీసెయ్యరు. మేక అడ్డం వస్తే ఒక్కసారిగా ఆపడానికి అదే కావాలి. బాగా నెమ్మదిగా పోయేటప్పుడు డైనమో పెద్దగా పని చెయ్యదు కాబట్టి చివర నిలబెట్టడానికీ అదే.

మన రెండు రాష్ట్రాల్లో ఇట్టాంటి బస్సులు తిరుగుతున్నాయి. 2019 మార్చిలో హైదరాబాదులో ఆర్టీసీ 40 ఎలక్ట్రిక్ బస్సులు వేసింది, ఎక్కువగా విమానాశ్రయానికి. మనకు దగ్గరలో తిరుపతిలో 2022 సెప్టెంబరులో మొదలయ్యాయి. తిరుపతికి మొత్తం 100 బస్సులు అనుకుంటే అందులో సగం తిరుమల ఘాట్‌కు. తిరుపతి నుండి నెల్లూరుకు కూడా కొన్ని. ఇవి హైదరాబాదు కంపెనీ ఒలెక్ట్రా వాళ్ళవి.

పోయిన సంవత్సరం టూరుకు వెళ్ళినప్పుడు మేము కొండ దిగింది ఆ బస్సులోనే. కొండకు రెండు రోడ్లు ఉన్నాయి. 1944లో వేసిన పాత రోడ్డు దిగడానికి, 1974లో వేసిన రోడ్డు ఎక్కడానికి. దిగేటప్పుడు మలుపు మలుపుకీ బ్రేకు. డీజిల్ బస్సులో అయితే ఒక్కోసారి లైనరు కాలిన వాసన వస్తుంది, మా పక్కనుండి పోయిన లారీ దగ్గర వచ్చింది కూడా. మా బస్సులో రాలేదు. నేను ముందు సీట్లో ఉన్నాను కాబట్టి డ్రైవరన్నని అడిగాను. "ఎక్కేటప్పుడు చార్జింగు కరిగిపోతాది పాపా, దిగేటప్పుడు కొంచెం తిరిగొస్తాది" అన్నాడు. అప్పుడు నాకు అర్థం కాలేదు. తిరిగి ఎట్టా వస్తుంది, చేపా ఏమన్నానా అనుకున్నాను.

ఇప్పుడు లెక్క వేశాను. తిరుపతి నుండి తిరుమల సుమారు 700 మీటర్లు ఎత్తు. ఆ 12 టన్నుల బస్సే 700 మీటర్లు దిగితే స్థితిశక్తి సుమారు 23 యూనిట్లు. మా వేపచెట్టు కాడ ఆగితే వచ్చేదానికి ఇది 137 రెట్లు! ఇందులో గాలికి కొంత, టైర్లకు కొంత, మోటారులో, బ్యాటరీలో కొంత పోతాయి. సగమే దక్కింది అనుకున్నా పదకొండు యూనిట్లు. సముద్రం పక్కన మన రోడ్లు చాప పరిచినట్టు ఉంటాయి, కొండ లేదు. ఇక్కడ లాభం వచ్చేదంతా ఆగడంలోనే. హైవే మీద ఆగకుండా పోయే బస్సుకు ఈ బ్రేకు వల్ల వచ్చేది తక్కువ. ఊరూరా ఆగే బస్సుకే ఎక్కువ.

ఒక చిక్కు ఉంది. కొండ మీద బ్యాటరీ నిండా చార్జింగు పెట్టి దిగితే ఏమవుతుంది? నిండిన కుండలో నీళ్ళు పోసినట్టే, కరెంటుకు చోటు ఉండదు. బల్బు వైరు పీకిన సైకిలు గుర్తు తెచ్చుకోండి. తీసుకునేవాళ్ళు లేకపోతే ఆపడమూ లేదు, అప్పుడు మామూలు బ్రేకే దిక్కు. కాబట్టి దిగే ముందు బ్యాటరీలో కొంచెం ఖాళీ ఉండాలి. రైలుకు ఈ చిక్కు తక్కువ. నెల్లూరు మీదుగా పోయే కొత్త రకం కరెంటు ఇంజన్లు బ్రేకు వేసినప్పుడు కరెంటును పైన తీగలోకే పంపుతాయి. అదే తీగ మీద దగ్గరలో ఇంకో రైలు పోతుంటే అది వాడుకుంటుంది.

బ్యాటరీ లేకుండా కూడా ఒక దేశం వాళ్ళు చేశారు. స్విట్జర్లాండులో 1953లో ఇవెర్డన్ అనే ఊళ్ళో జైరోబస్ అని నడిపారు. దాని అడుగున కుమ్మరి సారె లాంటి ఒకటిన్నర టన్నుల ఇనుప చక్రం. స్టేజీలో కరెంటు తగిలించి ఆ చక్రాన్ని నిమిషానికి 3,000 చుట్ల దాకా తిప్పేవాళ్ళు. తరువాత ఆ తిరిగే చక్రం శక్తితోనే బస్సు పోయేది, బ్రేకు వేస్తే కొంత శక్తి మళ్ళీ ఆ చక్రంలోకే చేరేది. 1960లో ఆపేశారు. అయినా నాకు ఆ బస్సు ఎక్కాలని ఉంది.

మా రోడ్డుకు ఎలక్ట్రిక్ బస్సు ఎప్పుడు వస్తుందో, అంతదాకా డీజిల్ బస్సుతోనే చెయ్యగలిగింది ఒకటుంది. వేపచెట్టు కాడ మనుషులు దూరం నుండే కనపడతారు, రోడ్డు తిన్నగా ఉంటుంది. ముందుగానే యాక్సిలేటర్ మీద కాలు తీసేస్తే బస్సు తన ఊపుతోనే చెట్టు దాకా వస్తుంది, చివరలో బ్రేకు కొంచెం చాలు. గేరులోనే ఉంచాలి. ఘాట్‌లో న్యూట్రల్ చేసి దిగితే భారమంతా బ్రేకు మీద పడి కాలిపోతుంది, ప్రమాదం.

ఈ లెక్క ఒక తెల్లకాగితం మీద వ్రాసి పెట్టుకున్నాను, సంక్రాంతి సెలవులకు పోయేటప్పుడు డ్రైవరుకు చూపిద్దామని. ఫోనులో అవ్వకు చెబితే "కాగితం ఇయ్యబాకమ్మే, బండి నడపతా ఎట్టా చదవతాడు? నోటితో చెప్పు, ఐదు రూపాయలే అని చెప్పు" అంది. అదీ నిజమే.

సైకిలు ఆదివారం సాయంత్రం దాకా బోరింగు దగ్గర తలకిందులుగానే ఉంటుంది. పిలకాయలు ఎవరైనా వచ్చి తిప్పి చూడవచ్చు. వైరు పీకితే మళ్ళీ తగిలించండి. బల్బు జాగ్రత్త, అది మామ సొంతది.

— 9వ తరగతి విద్యార్థిని