కీలెరిగి తిప్పాలి

మెకానికల్ డిప్లొమాలూ, ఇంజనీరింగూ చదివే పిల్లలున్న మన ఇళ్ళలో ఇప్పుడు తరచుగా వినిపించే మాట "జాయింట్లు పెడుతున్నాను" అని. కంప్యూటరు తెరమీద యంత్రం బొమ్మ గిరగిరా తిరుగుతుంటుంది. అమ్మమ్మ వచ్చి "ఏమిట్రా అది?" అంటే, "నీకు అర్థం కాదులే అమ్మమ్మా" అని జవాబు. యంత్రాల డ్రాయింగులు గీయడం వృత్తిగా పెట్టుకున్న నాకు ఆ జవాబు నచ్చదు. తొక్కుడు కుట్టుమిషను మీద ఇంటిల్లిపాదికీ బట్టలు కుట్టిన అమ్మమ్మకు ఆ విద్య ఎప్పుడో కాలికి వచ్చేసింది. మనవడికి తెలిసినదల్లా దాని పేరే.

ముందు ఈ జాయింటు సంగతి చూద్దాం. మన తెలుగులో కీలు. కంప్యూటరులో గీసిన భాగం మొదట గాలిలో తేలుతున్నట్టే ఉంటుంది. మూడు దిక్కుల్లో జరగగలదు, మూడు ఇరుసుల చుట్టూ తిరగగలదు. అంటే ఆరు స్వేచ్ఛలు. కీలు పని వీటిలో అక్కర్లేనివాటిని తీసేయడం. తలుపుకున్న మడతబందు అయిదింటిని తీసేసి, తిరగడం ఒక్కటే మిగులుస్తుంది. దీన్ని రివల్యూట్ జాయింటు అంటారు. బల్ల సొరుగులో జరగడం ఒక్కటే మిగులుతుంది. అది స్లైడర్. మన తుంటి కీలులా అన్ని వైపులా తిరిగేది బాల్ జాయింటు. ఆటోడెస్క్ ఫ్యూజన్ అనే సాఫ్ట్‌వేరులో ఇలాంటివి ఏడు రకాలున్నాయి.

ఈ ఆలోచన కంప్యూటర్ల కన్నా పాతది. జర్మనీలో ఫ్రాంజ్ రూలో 1875లోనే యంత్రాలను ఇలా ఒకదానికొకటి అతికిన జంటలుగా విడదీసి చూపించాడు. అమెరికాలో ఇవాన్ సదర్లాండ్ 1963లో తన స్కెచ్‌ప్యాడ్ ప్రోగ్రాముతో, తెరమీద గీసిన కడ్డీల అమరికను కదిలించి చూపించాడు. నేటి పిల్లలు చేసేది దానికి మనవడి వరస.

ఇక కుట్టుమిషను దగ్గరికి వద్దాం. కింది భాగంలో ఉన్నవి నాలుగే: కదలని ఇనుప స్టాండు, కాలి కింది పలక, నిలువు కడ్డీ, పెద్ద చక్రానికున్న క్రాంకు. వాటిని కలిపే కీళ్ళూ నాలుగే. పక్కనుంచి చూసి లెక్క వేయండి. కదిలే భాగాలు మూడు, ఒక్కోదానికి మూడు స్వేచ్ఛలు, మొత్తం 9. ఒక్కో కీలు రెండేసి తీసేస్తే 8 పోతాయి. మిగిలేది 1. అందుకే పలక ఊగితే చక్రం తిరిగి తీరాలి. వేరే దారి లేదు.

కొలతలు కూడా కుదరాలి. ఉదాహరణకు క్రాంకు 3 సెంటీమీటర్లు, పలక చేయి 10, కడ్డీ 28, స్టాండు మీద రెండు ఇరుసుల మధ్య దూరం 30 అనుకుందాం. గ్రాషోఫ్ సూత్రం ప్రకారం అన్నిటికన్నా పొట్టిదీ పొడుగుదీ కలిపిన మొత్తం, మిగిలిన రెండింటి మొత్తాన్ని మించకూడదు. ఇక్కడ 33, 38. చక్రం పూర్తిగా తిరుగుతుంది, పలక సుమారు 35 డిగ్రీలు ఊగుతుంది. పలక చేయిని 4కు తగ్గించి చూడండి. 33, 32 అవుతాయి. తెరమీద క్రాంకు సగంలోనే బిగుసుకుపోతుంది. ఇనుము కొనకముందే తప్పు తెలిసిపోయింది.

ఇప్పుడు అమ్మమ్మ విద్య. తొక్కడం మొదలుపెట్టేటప్పుడు ఆవిడ పైచక్రాన్ని చేత్తో ఒకసారి తిప్పుతుంది. క్రాంకూ కడ్డీ ఒకే గీతలోకి వచ్చే చోట్లు చుట్టుకు రెండున్నాయి. అక్కడ ఎంత తొక్కినా చక్రం కదలదు, లేదా వెనక్కి తిరిగి దారం తెంపుతుంది. మిషను నడుస్తున్నప్పుడు ఆ చోట్లను దాటించేది పెద్ద చక్రం బరువు. తెరమీద క్రాంకు కీలును తిప్పితే అంతా సాఫీగా నడుస్తుంది. పలక కీలును నడిపించి చూడమనండి, సరిగ్గా ఆ రెండు చోట్లే కంప్యూటరు కూడా ఎటు తిప్పాలో తెలియక తడబడుతుంది.

కీళ్ళు పెట్టి ఆడించే బొమ్మకు బరువు తెలియదు, రాపిడి తెలియదు, నూనె ఎండిన సంగతీ తెలియదు. వాటికి వేరే లెక్కలు కావాలి. తాకిడి చూడమని మనం చెప్పకపోతే ఒక భాగం మరొకదానిలోంచి దూరిపోతుంది కూడా. మా కోయంబత్తూరులో ఒక చిన్న షెడ్డులో, పిండి పోసుకోవడానికి పక్కకు వాలే గ్రైండరు బొమ్మను కుర్రవాళ్ళు తెరమీద వాల్చి చూపిస్తున్నారు. చక్కగా వాలింది. వెనక నిలబడ్డ పెద్ద ఫిట్టరు "బోల్టు తలలు గీశారా బాబూ?" అన్నాడు. గీయలేదు. గీసి మళ్ళీ వాల్చితే ఒక తల వెళ్ళి స్టాండుకు తగిలింది. పోతకు ప్యాటర్ను చేయించకముందే దొరికింది కనుక డబ్బు మిగిలింది. ఆయన మౌసు పట్టినవాడు కాదు. ఆయన లేకపోతే ఆ తెరా చెప్పేది కాదు.

అందుకే తల్లిదండ్రులకు నాదొక మనవి. ఈ సెలవుల్లో పిల్లల చేతికి టేపు ఇచ్చి ఇంట్లోని కుట్టుమిషను నాలుగు కొలతలూ తీయించండి. ఉచితంగా దొరికే ఫ్రీక్యాడ్‌లో 2024 నవంబరులో వచ్చిన 1.0 నుంచి భాగాలకు కీళ్ళు పెట్టే వసతి ఉంది. బొమ్మ తయారయ్యాక అమ్మమ్మను పక్కన కూర్చోబెట్టుకుని, చక్రం ఎక్కడ మొరాయిస్తుందో ముందుగా ఆవిడనే చెప్పమనండి. కీలెరిగి వాత పెట్టమన్నారు పెద్దలు. ఆ కీలు ఎక్కడుందో ఆవిడకు తెలుసు.