లుపస్ ఎందరికి? లెక్క ఎవరిది?

కూలికి పోయే ఆడమనిషి ఆరు నెలలుగా నీరసమంటది. పొద్దున లేస్తే వేళ్ల కీళ్లు బిగుసుకుపోతున్నాయంటది, జుట్టు ఊడుతోందంటది, నోరు పూసిందంటది. ఆర్.ఎం.పి. సూది వేస్తాడు. ఆసుపత్రిలో రక్తం తక్కువుందని బలం మాత్రలిస్తారు. రక్తం తక్కువన్నది నిజమే కావచ్చు. కానీ ఈ లక్షణాలన్నీ కలిసి కనిపించే మరో జబ్బు ఉంది. దాని పేరు లుపస్.

ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే ఒంటి మీద తిరగబడితే వచ్చే జబ్బు ఇది. చర్మం, కీళ్లు, రక్తం, గుండె, మూత్రపిండాలు, దేన్నయినా పట్టుకోవచ్చు. పది మందికి వస్తే తొమ్మిది మంది దాకా ఆడవాళ్లే, అదీ ఎక్కువగా పిల్లల్ని కనే వయసులో. ఇది అంటురోగం కాదు. అంటు అనే మాట మనల్ని ఎంత తొక్కిందో తెలుసు గనుక ఈ సంగతి ముందే చెబుతున్నాం.

మన దేశంలో ఇది ఎందరికుంది? తరచూ చెప్పే లెక్క ఢిల్లీ దగ్గరి బల్లబ్‌గఢ్ పల్లెలది. 1993లో అచ్చయింది. 91,888 మంది జనాభాలో దొరికింది ముగ్గురు, అంటే లక్షకు మూడు చిల్లర. అమెరికాలో జార్జియా రాష్ట్రం, అట్లాంటా ప్రాంతపు ఫుల్టన్, డికాల్బ్ కౌంటీల్లో 2002 నాటి రోగుల లెక్క 2014లో అచ్చయింది. అక్కడ లక్షకు 73. ఈ రెండూ పక్కపక్కన పెట్టి "మనవాళ్లకు ఇది రాదులే" అనేయడం తేలిక. మేము అలా చదవడం లేదు.

మొదటిది, బల్లబ్‌గఢ్ లెక్క ముగ్గురి మీద నిలబడింది. ఇంకొక్కరు దొరికితే 4.4 అయ్యేది, ఇద్దరు తప్పిపోతే 1.1కి పడేది. రెండోది, ఇలాంటి లెక్కలో వచ్చేది ఆనాటికి బతికున్న రోగులే. జబ్బేమిటో తెలియకుండానే కిడ్నీలు పాడై చనిపోయిన మనిషి అందులో ఉండదు. వైద్యం అందని చోట చావులు పెరిగినకొద్దీ లెక్క తగ్గుతుంది! మూడోది, ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో 1995లో వచ్చిన అధ్యయనంలో దక్షిణాసియా మూలాలున్న స్త్రీలలో లుపస్ తెల్లవారికన్నా ఎక్కువగా కనిపించింది. కాబట్టి మన రక్తంలోనే లేదన్న మాట నిలవదు.

జార్జియాలో ఇంకో పని కూడా చేశారు. ఆసుపత్రులు, కీళ్ల, కిడ్నీ, చర్మ డాక్టర్ల రికార్డులు తిరగేసి, రోగి జాతి కూడా చూశారు. నల్లజాతి స్త్రీలలో లక్షకు 196, తెల్ల స్త్రీలలో 59 అని తేలింది. 73 అనే సగటు చూసినవాళ్లకు ఈ తేడా కనపడదు. ఇందులో జన్యువుల పాత్ర ఉంది. పేదరికం, వివక్ష, ఆలస్యంగా అందే వైద్యం దాన్ని ఇంకా ముదరబెడతాయి.

మరి మన దగ్గర? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే కులం అడుగుతుంది గనుకనే దళిత, ఆదివాసీ స్త్రీలలో రక్తహీనత ఎంతుందో విడిగా చెప్పుకోగలుగుతున్నాం. బల్లబ్‌గఢ్ సంఖ్య నుంచి అలాంటిదేమీ తీయలేం. ఆ ముగ్గురూ ఊరివాళ్లా, వాడవాళ్లా? కులం రాయకపోతే కులం పోదు, కులం చేసిన నష్టం మాత్రం లెక్కలోంచి పోతుంది.

చూసే కన్ను కూడా మారాలి. ముక్కుకు అటూ ఇటూ సీతాకోకచిలుకలా ఎర్రమచ్చ వస్తుందని పుస్తకాలు చెబుతాయి. తెల్లతోలు మీద అది ఎరుపే. మన నల్లతోలు మీద ముదురు గోధుమగానో ఊదాగానో ఉంటుంది, మంగు అనుకుని వదిలేస్తారు. ఎండ తగిలితే జబ్బు పెరుగుతుంది. కలుపుకీ నాట్లకీ పోయే మనిషిని ఎండలోకి పోవద్దంటే ఆ రోజు కూలి ఎవరిస్తారు?

వాడల్లో తిరిగే కార్యకర్తలకు, ఉపాధ్యాయులకు మేము చెప్పేదిది. కీళ్ల నొప్పులు, నోటి పూత, ఎండకు ముదిరే మచ్చలు, కాళ్ల వాపు, నురుగు మూత్రం, వీటిలో కొన్ని కలిసి కనిపిస్తే రక్తహీనత అని ఊరుకోవద్దు. మూత్ర పరీక్ష, ఏ.ఎన్.ఏ. అనే రక్త పరీక్ష అడగండి. రెండోది ఒక్కటే చూసి జబ్బు తేల్చరు గానీ, దారి చూపుతుంది. ఒకప్పుడు మలేరియాకు వాడిన హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్రే ఈనాటికీ ఇందులో ముఖ్యమైన మందు. విద్యార్థులు, పరిశోధకులు అడగాల్సింది మరొకటుంది: లుపస్ రోగుల నమోదులో కులం, పని, ఊరు నుంచి ఆసుపత్రికి దూరం కూడా రాయాలి. ఆ లెక్క వచ్చేదాకా "తక్కువ" అన్న మాటను మనం ఒప్పుకోనవసరం లేదు.