మిల్లు ఆగినా బిల్లు ఆగదు.. కరెంటు ఖర్చు తగ్గాలంటే ఇవి చూసుకోండి

ఉమ్మడి అనంతపురం జిల్లా అంటేనే గాలిమరలు, సోలార్ ప్లాంట్లు. కానీ కణేకల్‌లో రైస్ మిల్లు నడిపేవారికైనా, రాయదుర్గంలో జీన్స్ కుట్టే యూనిట్‌కైనా కరెంటు బిల్లు చూస్తే గుండె గుభేల్‌మంటుంది. మరి ఖర్చు ఎక్కడ పెరుగుతోంది? తగ్గించుకునే దారేంటి?

వాడకపోయినా కట్టాల్సిందే!

హెచ్‌టీ కనెక్షన్ బిల్లులో రెండు ముఖ్యమైన భాగాలుంటాయి. ఒకటి వాడిన యూనిట్లకు, రెండోది డిమాండ్ ఛార్జీ. ఆ నెలలో నమోదైన గరిష్ఠ డిమాండ్, కాంట్రాక్ట్ డిమాండ్‌లో 80 శాతం.. ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దానికి కట్టాలి.

ఉదాహరణకు 150 కేవీఏ ఒప్పందం ఉంటే మిల్లు మూతపడినా 120 కేవీఏకు లెక్క పడుతుంది. కేవీఏకు నెలకు రూ.475 చొప్పున చూస్తే రూ.57 వేలు!

కణేకల్, బొమ్మనహాళ్ వైపు వరి పండాలంటే హెచ్చెల్సీ నీళ్లే ఆధారం. 2024 ఆగస్టు 10న తుంగభద్ర డ్యామ్ 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు ఆయకట్టు మొత్తం టెన్షన్ పడింది. నీళ్లు రాకపోతే వడ్లు లేవు, వడ్లు లేకపోతే మిల్లుకు పని లేదు. డిమాండ్ ఛార్జీ మాత్రం తప్పదు.

ముందు ఇంట్లో లెక్క సరిచేసుకోండి

ఏడాది బిల్లులు ముందేసుకుని గరిష్ఠ డిమాండ్ ఎంత వచ్చిందో చూడండి. 96 కిలోవాట్ల లోడ్ పవర్ ఫ్యాక్టర్ 0.80 ఉంటే 120 కేవీఏ లాగుతుంది. సరైన కెపాసిటర్లు పెట్టి 0.96కు తెస్తే 100 కేవీఏ చాలు.

అయితే ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. కెపాసిటర్లు పెట్టి ఊరుకుంటే డిమాండ్ ఛార్జీ తగ్గదు, 80 శాతం నిబంధన అడ్డొస్తుంది. ఒప్పందాన్ని 110 కేవీఏకు తగ్గించుకుంటేనే బిల్లు 100 కేవీఏకు వస్తుంది. అంటే నెలకు రూ.9,500 మిగులు. అలాగని మరీ తగ్గించొద్దు, ఒప్పందం దాటితే పెనాల్టీ పడుతుంది. అగ్రిమెంట్ షరతులు చూసుకుని డిస్కంకు దరఖాస్తు చేయాలి. సీజనల్ పరిశ్రమల కేటగిరీ మీకు వర్తిస్తుందో లేదో కూడా అడగండి.

టైమ్ చూసి మోటార్ ఆన్ చేయండి

2023 జూన్‌లో కేంద్రం సవరించిన నిబంధనల ప్రకారం 10 కిలోవాట్లు దాటిన వ్యాపార, పరిశ్రమ కనెక్షన్లకు వేళను బట్టి రేటు ఉండాలి. ఎండ ఉన్న వేళల్లో కనీసం 20 శాతం తక్కువ, పీక్ వేళల్లో కనీసం 20 శాతం ఎక్కువ. మీ కేటగిరీకి ఏ వేళలు, ఏ రేట్లో ఏపీఈఆర్‌సీ టారిఫ్ ఆర్డర్‌లో చూసుకుని, బరువైన పనిని చౌక వేళకు మార్చుకోండి.

బయట కొంటే చౌకేనా?

2022 గ్రీన్ ఓపెన్ యాక్సెస్ నిబంధనలతో ఈ పరిమితి 1 మెగావాట్ నుంచి 100 కిలోవాట్లకు దిగింది. అంటే మధ్యతరహా యూనిట్లు కూడా సోలార్, విండ్ కరెంటు నేరుగా కొనొచ్చు. కానీ చెప్పిన యూనిట్ రేటు చూసి సంతకం పెట్టొద్దు. వీలింగ్ ఛార్జీలు, లైన్ నష్టాలు, క్రాస్ సబ్సిడీ సర్‌ఛార్జీ అన్నీ కలిపి లెక్కేయాలి.

నలుగురు కలిసి గ్రూప్ క్యాప్టివ్ ప్లాంట్ పెట్టుకుంటే క్రాస్ సబ్సిడీ సర్‌ఛార్జీ ఉండదు. అయితే వాడేవాళ్లకు కనీసం 26 శాతం వాటా ఉండాలి, ఏటా ఉత్పత్తిలో 51 శాతం వాళ్లే వాడుకోవాలి.

సీజన్‌లోనే నడిచే మిల్లు మాత్రం పాతికేళ్ల ఒప్పందానికి తొందరపడొద్దు. కాలువలో నీళ్లు రాని ఏడాది ఆ కరెంటు ఏం చేస్తారో ముందే లెక్కేసుకోవాలి.