పెద్ద యింటి రెండవ బిడ్డ

ద్రాక్షాపాకం, కదళీపాకం, నారికేళపాకం అని మన ఆలంకారికులు కవితాపాకాలను విభజించారు. నోట వేసుకొన్నంతనే రసమిచ్చేది మొదటిది. పీచు తీసి, పెంకు పగులగొట్టి శ్రమపడితేగాని అందనిది చివరిది. విచిత్రమేమంటే, సాక్షాత్తు ద్రాక్షపండునుండి పుట్టిన ఒక ప్రసిద్ధ ఆసవం తొలి వయస్సులో నారికేళపాకానికే చెందుతుంది. దాని తమ్ముని గుణదోషాలను విచారించడమే ఈ వ్యాసోద్దేశం.

ఫ్రాన్సు దేశంలో బోర్డో నగరానికి వాయవ్యంగా, జిరోండ్ నదీముఖం ఒడ్డున, పొయ్యాక్ అనే ఊరున్నది. షాతో లాతూర్ ద్రాక్షతోట అక్కడిదే. 1855లో పారిస్ ప్రదర్శన సందర్భంగా మూడవ నెపోలియన్ కోరగా, బోర్డో దళారులు ఆ ప్రాంతపు మేలైన ఎర్ర ఆసవాలను ఐదు తరగతులుగా ఏర్పరచారు. వారికి ముఖ్యమైన కొలబద్ద ధర. లాతూర్‌కు ప్రథమశ్రేణి దక్కినది. ఆ తరువాత ఆ శ్రేణిలోనికి ఎక్కినది ఒక్కటే: 1973లో మూతోన్ రోత్‌షీల్డ్.

లోకమిచ్చిన ఆ పట్టం ఇట్లా స్థిరపడిపోగా, తోటలోపలి పరీక్ష మాత్రం ఏటేటా జరుగుతూనే ఉన్నది. షాతో చుట్టూ ఉన్న 47 హెక్టార్ల నేలను 'లాంక్లో' అంటారు. పెద్ద ఆసవం అక్కడి ముదురు తీగెలది. ఆవరణ వెలుపలి మళ్ల పంట, లోపలి లేతతీగెల పంట 1966 నుండి 'లే ఫోర్ దె లాతూర్' అనే రెండవ పేరుతో వస్తున్నవి. లేతతీగె వేరు గులకనేలలో ఇంకా లోతుకు దిగి ఉండదు. అందుచేత రసంలో అంత చిక్కదనం ఉండదు.

పరీక్షకుడు గాజుపాత్రలో కొంచెం ఆసవం పోసి, తెల్లని గుడ్డకెదురుగా వాల్చి రంగు చూస్తాడు. నేరేడురంగు లేతదనానికి గుర్తు. అంచున ఇటుకరంగు తిరిగితే వయస్సు వచ్చినదన్నమాట. పాత్రను గుండ్రంగా త్రిప్పి వాసన చూస్తాడు. పుక్కిటపట్టి, రుచి తెలిసిన పిమ్మట ఉమ్మివేస్తాడు. మత్తుతో అతనికి పని లేదు.

ఈ ఆసవంలో ప్రధానమైనది కాబెర్నే సోవిన్యోన్ అనే ద్రాక్ష. దాని తొక్కనుండి, గింజనుండి నాలుకను పట్టే వగరు వస్తుంది. ఆసవానికి బిగువు, దీర్ఘాయువు దానివల్లనే. మెర్లో అనే రెండవ జాతి మెత్తదనాన్నిస్తుంది. తమ్మునిలో సాధారణంగా మెర్లో పాలు హెచ్చు. కనుక వగరు త్వరగా అణగి, అన్నకంటె ముందే పక్వానికి వస్తుంది. దేవదారును తలపించే ఇంటి పరిమళం ఉన్నది. లోపమేమంటే, మ్రింగిన పిదప నిలిచే రుచి అంత దీర్ఘం కాదు.

ఇట్టి ఆసవాన్ని తూచడంలో రెండు పొరపాట్లకు అవకాశమున్నది. వంశం చూచి లేని గుణాన్ని మెచ్చడం ఒకటి. రెండవదనే మాట విని ఉన్న గుణాన్ని కాదనడం మరొకటి. ఈ రెండూ కలుగకుండా, సీసాకు గుడ్డచుట్టి పేరు కనబడనీయక రుచి చూచే పద్ధతి ఏర్పడినది. జవాబుపత్రంమీద పేరుకు బదులు అంకె వేయించే ఉపాధ్యాయులకు ఇందులోని న్యాయం వేరే చెప్పనక్కరలేదు. అయితే పత్రాలు దిద్దిన పిమ్మట కూడ గుర్తుంచుకొనవలసినది ఒకటున్నది. ఈనాడు లేతదని రెండవ వరుసకు పోయిన తీగె ఆ ఆవరణలోనే వేళ్లూనుతూ ఉంటుంది. కొన్ని ఏండ్లకు దాని రసమే పెద్ద ఆసవంలో చేరవచ్చును.