ఆధునిక కారు ఇంజనుకు సరైన కూలెంటు ఎంపిక

వేసవి మధ్యాహ్నం జాతీయ రహదారి పక్కన బానెట్ పైకెత్తి, ఆవిరి కక్కుతూ ఆగిపోయిన కారును మీరు చూసే ఉంటారు. డ్రైవరు దగ్గరలోని హోటలు నుంచి బకెట్టెడు బోరునీళ్లు తెచ్చి రేడియేటరులో పోస్తాడు. బండి కదులుతుంది. సమస్య తీరిందని అందరూ అనుకుంటారు. నిజానికి మరో సమస్య ఆ బకెట్టుతోనే మొదలవుతుంది. ద్రావణాల కణాధార ధర్మాలు, లోహ క్షయం, నీటి కఠినత్వం అనే అంశాలను మీరు ఇంతకు ముందు పాఠాలలో చదివారు. ఆ మూడూ ఒకే చోట పనిచేయడం చూడాలంటే కారు రేడియేటరును మించిన ఉదాహరణ నాకు తోచడం లేదు.

నీరు చాలదా?

సంపర్క తరగతులలో విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్న ఇది. అడగవలసిన ప్రశ్నే. వేడిని మోసుకుపోవడంలో నీటికి సాటి వచ్చే ద్రవాలు చాలా తక్కువ. నీటి విశిష్టోష్ణం గ్రాముకు, డిగ్రీకి సుమారు 4.18 జౌళ్లు. కూలెంటులో ప్రధాన భాగమైన ఇథిలీన్ గ్లైకాల్ విశిష్టోష్ణం సుమారు 2.4 మాత్రమే. కాబట్టి గ్లైకాల్ కలిపినప్పుడు నీటికి వేడిని మోసే శక్తి తగ్గుతుందే తప్ప పెరగదు. "కూలెంటు పోస్తే ఇంజను ఎక్కువ చల్లబడుతుంది" అనే మాటను ఈ అర్థంలో నమ్మకండి.

మరి గ్లైకాల్ ఎందుకు? ఒక కారణం మరుగు స్థానం. సగం నీరు, సగం గ్లైకాల్ ఉన్న ద్రావణం సాధారణ పీడనం వద్ద సుమారు 107 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది. అంటే గ్లైకాల్ వల్ల లభించినది ఏడెనిమిది డిగ్రీలే. రేడియేటరు మూత చేసే మేలు ఇంతకంటె ఎక్కువ. లోపలి పీడనాన్ని వాతావరణ పీడనం కంటె సుమారు ఒక బార్ ఎక్కువగా ఆ మూత నిలిపి ఉంచితే, వట్టి నీరు కూడా 120 డిగ్రీల వరకు మరగదు. మన ద్రావణమైతే దాదాపు 129 డిగ్రీల వరకు ద్రవంగానే ఉంటుంది. మూతలోని రబ్బరు వాషరు పాడైతే ఎంత ఖరీదైన కూలెంటు పోసినా ప్రయోజనం తగ్గిపోతుంది. ఇంజను పదేపదే వేడెక్కుతున్నదంటే నేను మొదట అనుమానించేది ఆ చిన్న మూతనే.

రెండవ కారణం ఘనీభవన స్థానం. ఇదే ద్రావణం సుమారు మైనస్ 37 డిగ్రీల వరకు గడ్డకట్టదు. లంబసింగి వంటి ఒకటి రెండు చోట్ల తప్ప మన రాష్ట్రాలలో దీని అవసరం కనబడదు. చికాగోలోనో టొరంటోలోనో ఉన్న మీ బంధువులకు మాత్రం ఇదే ముఖ్యమైన సంగతి.

రెంటచింతల ఎండలో తిరిగే కారుకు కూడా కూలెంటు తప్పనిసరి కావడానికి అసలు కారణం మూడవది: క్షయం. నేటి ఇంజను హెడ్డు, రేడియేటరు చాలా వరకు అల్యూమినియం మిశ్రమలోహాలతో తయారవుతాయి. కొన్ని ఇంజన్లలో బ్లాకు పోత ఇనుముది. వేడి నీటిలో, అందులోనూ లవణాలున్న నీటిలో, ఇలా వేర్వేరు లోహాలు కలిసి ఉంటే అది ఒక విద్యుద్ఘటంలాగా పనిచేస్తుంది. పైగా గ్లైకాల్ కాలక్రమంలో ఆక్సీకరణం చెంది ఆమ్లాలను ఇస్తుంది. వీటిని అడ్డుకొనే క్షయ నిరోధకాలు కూలెంటులో కొద్ది శాతమే ఉంటాయి. అయితే ఒక కూలెంటును మరొక దాని నుంచి వేరు చేసేవి అవే.

నిరోధకాలలో తేడాలు

పాత తరం కూలెంట్లలో సిలికేట్లు, ఫాస్ఫేట్లు వంటి అకర్బన లవణాలు వాడేవారు. ఇవి లోహపు ఉపరితలమంతటా పలుచని పొరను ఏర్పరుస్తాయి. త్వరగా ఖర్చవుతాయి కాబట్టి రెండేళ్లకొకసారి మార్చవలసి వచ్చేది. తరువాత వచ్చిన కర్బన ఆమ్ల రకాలు క్షయం మొదలయ్యే చోటనే ముఖ్యంగా పనిచేస్తాయి. నెమ్మదిగా తరుగుతాయి కాబట్టి సాధారణంగా ఐదేళ్ల వరకు వస్తాయి. నేడు ఎక్కువగా కనబడేవి ఈ రెండింటినీ కలిపిన మిశ్రమ రకాలు.

ఈ మిశ్రమ రకాలలో దేశాన్ని బట్టి తేడా వచ్చింది. ఐరోపాలో చాలా చోట్ల నీరు కఠినమైనది. ఫాస్ఫేటు ఆ నీటిలోని కాల్షియంతో చేరి పొలుసు కడుతుందని అక్కడి తయారీదారులు దానిని దూరంగా ఉంచి సిలికేటును ఎంచుకున్నారు. జపాను, కొరియా తయారీదారులు సిలికేటు వల్ల నీటి పంపు సీళ్లు అరుగుతాయని భావించి, ఫాస్ఫేటుతో కూడిన కర్బన ఆమ్ల రకాన్ని ఎంచుకున్నారు. ఇప్పుడు మన రోడ్ల సంగతి ఆలోచించండి. ఇక్కడ తిరిగే కార్లలో అధిక భాగం జపాను, కొరియా సంస్థల రూపకల్పనలే. మన బోరునీళ్లేమో చాలా గ్రామాలలో కఠిన జలం. తాగునీటికి భారతీయ ప్రమాణం చెప్పే లీటరుకు 200 మిల్లీగ్రాముల హద్దును దాటినవి ఎన్నో. ఫాస్ఫేటు ఉన్న కూలెంటులో ఆ నీటిని పోస్తే కాల్షియం ఫాస్ఫేటు అవక్షేపం ఏర్పడి, సన్నని గొట్టాలలో పేరుకుంటుంది. మొదట్లో నేను చెప్పిన బకెట్టు చేసే హాని ఇదే.

రంగును నమ్మవచ్చా?

నమ్మకూడదు. రంగు కేవలం కలిపిన అద్దకం. దానికి అందరూ పాటించే ప్రమాణం ఏదీ లేదు. టొయోటా గులాబీ రంగు కూలెంటులో ఫాస్ఫేటు ఉంటుంది, సిలికేటు ఉండదు. ఫోక్స్‌వ్యాగన్ జి12 ఇవో కూడా ఇంచుమించు గులాబీ, ఊదా ఛాయలోనే ఉంటుంది; అందులో సిలికేటు ఉంటుంది. ఒకసారి నేనూ దుకాణంలో "పచ్చదే కదా" అని పచ్చ కూలెంటు కొని పాతదానిలో కలిపాను. కొన్ని నెలలకు రిజర్వాయరు డబ్బా అడుగున గోధుమరంగు జిగురు తేలింది. రసాయనశాస్త్రం బోధించేవాడినై ఉండి చేసిన పొరపాటది! వేర్వేరు రకాలు కలిస్తే ప్రతిసారీ జిగురు ఏర్పడుతుందని కాదు. కాని నిరోధకాల పొందిక చెడి, ఐదేళ్లు రావలసింది అంతకాలం రాదు.

కాబట్టి కారుతో వచ్చిన పుస్తకం తెరిచి, అందులో రాసిన నిర్దేశాన్ని డబ్బా మీది నిర్దేశంతో పోల్చండి. డబ్బా మీద ఐ.ఎస్. 5759, జె.ఐ.ఎస్. కె 2234 వంటి ప్రమాణ సంఖ్యలు ఉండడం మంచిదే. అయితే అవి కనీస నాణ్యతను సూచిస్తాయి. మీ కారు తయారీదారు చెప్పిన నిర్దేశానికి ప్రత్యామ్నాయం కావు. కొన్ని విద్యుత్ కార్లకు విద్యుద్వాహకత తక్కువగా ఉండే ప్రత్యేక కూలెంటే వాడాలి. వాటిలో మరేదీ పోయరాదు.

ఒక లెక్క

దుకాణంలో నేరుగా పోసే రకం, నీరు కలుపుకోవలసిన గాఢ రకం అని రెండు దొరుకుతాయి. వ్యవస్థ మొత్తం సామర్థ్యం 6 లీటర్లు అనుకుందాం. డిస్టిల్డ్ వాటరుతో కడిగి ఖాళీ చేసినప్పుడు 4 లీటర్లే బయటికి వస్తాయి, 2 లీటర్ల నీరు ఇంజను లోపలే నిలిచిపోతుంది. ఇప్పుడు సగం గ్లైకాల్ ఉన్న నేరుగా పోసే రకం 4 లీటర్లు పోస్తే, అందులోని గ్లైకాల్ 2 లీటర్లు. అంటే ఆరింట రెండు, 33 శాతమే! నిరోధకాలు కూడా ఆ మేరకు పలుచబడతాయి. అదే 3 లీటర్ల గాఢ రకం, 1 లీటరు డిస్టిల్డ్ వాటరు పోస్తే సరిగ్గా 50 శాతం వస్తుంది. మెకానిక్కులు చాలామంది ఈ లెక్క చూడరు. అలాగని గాఢ రకాన్ని నీరు కలపకుండా నింపడం కూడా తప్పే. వట్టి గ్లైకాల్ వేడిని సరిగా మోయదు, మైనస్ 13 డిగ్రీలకే గడ్డకడుతుంది కూడా.

దారిలో ఇంజను వేడెక్కితే ఆపి, పూర్తిగా చల్లారనివ్వండి. వేడి మీద మూత తిప్పితే పీడనం ఒక్కసారిగా పడిపోయి, 100 డిగ్రీలు దాటిన ద్రవం భగ్గున మరిగి మీ ముఖం మీదికి చిమ్ముతుంది. తప్పనిసరై నీరే పోయవలసి వస్తే సీసాలో అమ్మే మంచినీళ్లు బోరునీటి కంటె మేలు. ఊరు చేరాక అంతా తీయించి, కొత్త కూలెంటు పోయించండి. మిగిలిన కూలెంటును నీళ్ల సీసాలో పోసి ఇంట్లో ఎక్కడా ఉంచవద్దు. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది. శరీరంలో అది ఆక్సాలిక్ ఆమ్లంగా మారి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది, ప్రాణాలు కూడా తీస్తుంది. పిల్లలకు, పెంపుడు కుక్కలకు దాని తీపి మాత్రమే తెలుస్తుంది.

మీ అవగాహనను పరీక్షించుకోండి

ఒక కారు శీతలీకరణ వ్యవస్థ సామర్థ్యం 7.5 లీటర్లు. డిస్టిల్డ్ వాటరుతో కడిగి ఖాళీ చేసినప్పుడు 5 లీటర్లు మాత్రమే బయటికి వచ్చాయి. 50 శాతం ద్రావణం కావాలంటే గాఢ రకం ఎంత, డిస్టిల్డ్ వాటరు ఎంత పోయాలి? నేరుగా పోసే రకమే 5 లీటర్లు పోస్తే గ్లైకాల్ ఎంత శాతం ఉంటుంది?