ఒక వనము – రెండు ప్రభుత్వములు

“ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చె” నను సామెత మన పల్లెలలో విననివారుండరు. ఇద్దరి సొత్తును ఎవ్వరును సరిగా చూడరని దాని భావము. “ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు” అనునది మరియొకటి. ఇద్దరికి సమానాధికారమున్న చోట కలహము తప్పదని దీని భావము. రెండును అనుభవముపై పుట్టిన మాటలే. అయినను అమెరికా సంయుక్త రాష్ట్రములవారు తమ జాతీయ వనములు పెక్కింటిలో ఒకే నేలపై కేంద్ర ప్రభుత్వమునకును రాష్ట్ర ప్రభుత్వమునకును కలిపి అధికార మిచ్చుకొనిరి. అట్లేల చేసిరో, దానివలన కలిగిన లాభనష్టము లెవ్వియో సహకార సంఘ సభ్యులు తెలిసికొనుట మంచిది. ఉమ్మడి వ్యవహారమే గదా మన సంఘములకు జీవము.

ముందుగా ఒక భేదమును గుర్తింపవలెను. భూమికి యజమాని యగుట వేరు. ఆ భూమిపై శాసనాధికారము కలిగియుండుట వేరు. చేను రైతుది, పట్టా యతని పేర నున్నది. కాని ఆ చేనిలో దొంగతనము జరిగినచో దొంగను విచారించి శిక్షించు నధికారము రైతునకు లేదు. అట్లే అమెరికాలో కేంద్ర ప్రభుత్వము ఒక రాష్ట్రములోని అడవిని కొన్నంతమాత్రమున అక్కడి నేరములన్నిటిని విచారించు నధికారము దానికి రాదు. తన యాస్తిని కాపాడుకొను నిబంధనలను అది చేయవచ్చును. హత్య, దొంగతనము మొదలగు సామాన్య నేరముల విచారణ రాష్ట్రమునకే యుండును. ఇది మొదటి విధము. రాష్ట్రము తన యధికారమును పూర్తిగా విడిచి కేంద్రమున కొప్పగించుట రెండవ విధము. ఇరువురును ఏకకాలమున అధికారము కలిగియుండుట మూడవ విధము. దీనినే ఉమ్మడి యధికార మందురు.

ఒక్కరి చేతిలో సర్వాధికారమున్న కలహము లేదు గదా, అదియే మేలు కాదా యని చదువరులు తలపవచ్చును. ఎల్లోస్టోన్ వనము చరిత్ర దీనికి సమాధానము చెప్పును. ఆ వనము 1872లో ఏర్పడినది. దాని విస్తీర్ణము సుమారు 22 లక్షల యెకరములు. అందు చాల భాగము వయోమింగులోను, కొంచెము మోంటానా, ఐడహో రాష్ట్రములలోను ఉన్నది. వయోమింగు 1890లో రాష్ట్రమైనప్పుడును వనముపై సంపూర్ణాధికారమును కేంద్రమే నిలుపుకొనెను. అధికారము కలదు, శిక్షించుటకు చట్టము లేదు. 1894 మార్చిలో ఒక వేటగాడు అక్కడ బైసనులను చంపుచు సైనికులకు పట్టుబడెను. వాని సామగ్రిని లాగుకొని వనమునుండి వెడలగొట్టుట తప్ప అధికారులు మరేమియు చేయజాలకపోయిరి. ఈ వార్త పత్రికలలో వెలువడి అలజడి పుట్టగా, ఆ యేడు మే నెలలో వన్యమృగములను చంపినవారికి జరిమానాయు ఖైదును విధించు శాసనము పుట్టినది.

యోసెమైటీ కథయు నిట్టిదే. లింకను అధ్యక్షుడు 1864లో అక్కడి లోయను కాలిఫోర్నియా రాష్ట్రమునకు ఇచ్చెను. లోయ చుట్టునున్న యెత్తు ప్రదేశములను 1890లో కేంద్రము జాతీయ వనముగా చేసికొనెను. నడుమ నొకరు, చుట్టు నొకరు. చుట్టునున్న పచ్చికలలోనికి కాపరులు గొఱ్ఱెల మందలను తోలుకొని వచ్చుచుండిరి. కాపలాకు వచ్చిన సైనికులకు వారిని శిక్షించుటకు చట్ట మేమియు లేదు. అందుచేత వారొక యుపాయము పన్నిరి. కాపరిని వనమునకు ఒక దిక్కునను, గొఱ్ఱెలను దాని కెదురు దిక్కునను వెడలగొట్టిరి. మందను మరల కూర్చుకొనుటకు కాపరికి ఎన్నో దినములు పట్టుచుండెను. తుదకు కాలిఫోర్నియా 1905లో లోయను తిరిగి యిచ్చివేయగా, 1906లో కేంద్రము దానిని స్వీకరించెను.

ఎల్లోస్టోన్‌లో మరియొక లోపమును 2005లో ఒక న్యాయశాస్త్రాచార్యుడు వెల్లడించెను. వనమంతయు వయోమింగు కేంద్ర న్యాయస్థానపు పరిధిలోనిది. ఐడహోలో నున్న సుమారు 50 చదరపు మైళ్ల తునకయు అందే చేరియున్నది. నేరము జరిగిన రాష్ట్రమునకును, ఆ న్యాయస్థాన పరిధికిని చెందినవారే జూరీగా కూర్చుండవలెనని అమెరికా రాజ్యాంగ నిబంధన. కాని ఆ తునకలో కాపురముండువా రెవ్వరును లేరు. అక్కడ ఘోరనేరము జరిగినచో జూరీ యెక్కడినుండి వచ్చును? ఐడహోకు కూడ అధికారమున్నచో దాని న్యాయస్థానమే తన జూరీతో విచారించి యుండెడిది. ఉమ్మడి యధికారపు ప్రయోజన మిదియే. ఒకరి చట్టములో కంతయున్నను రెండవవారి చట్టము దానిని పూడ్చును. కేంద్రపు రేంజరు దూరమున నున్నను రాష్ట్రపు షెరీఫు వచ్చును.

కాబట్టి 1976లో అమెరికా చట్టసభ, సాధ్యమైనంతవరకు జాతీయ వనములలో ఉమ్మడి యధికారమునే రాష్ట్రముల సమ్మతితో సంపాదింపవలెనని శాసించినది. సమ్మతి లేనిదే యీ యేర్పాటు జరుగదు. రాష్ట్రము కొంత నిలుపుకొని తక్కినది విడుచుటయు కలదు. అట్టిచోట వ్రాతయే ప్రమాణము. యోసెమైటీ వనముపై అధికారమును విడుచునప్పుడు కాలిఫోర్నియా పన్నులు వేయు హక్కును వ్రాసి నిలుపుకొనెను. తరువాత అక్కడ మద్యమమ్ము నొక కంపెనీతో తగవు రాగా, పన్ను చెల్లుననియు, వ్రాతలో లేని లైసెన్సు నిబంధనలు చెల్లవనియు 1938లో సుప్రీంకోర్టు తేల్చినది.

ఉమ్మడియందు కష్టములును లేకపోలేదు. ఒకే దుష్కార్యమునకు రెండు ప్రభుత్వములును వేర్వేరుగా విచారణ జరుపవచ్చునని సుప్రీంకోర్టు 2019లో మరల నిర్ధారించెను. ఇక రెండు చట్టములు ఢీకొన్నచో కేంద్రపుదే పైచేయి. వనము కాకున్నను న్యూమెక్సికోలోని యొక కేంద్రపు బీడు దీనికి నిదర్శనము. అక్కడ పశువులు మేపుకొను నొక రైతు, అడవిగాడిదలు మేతను తినివేయుచున్నవని మొరపెట్టుకొనెను. రాష్ట్ర పశుశాఖవారు 19 గాడిదలను పట్టి వేలము వేసిరి. వానిని కాపాడు 1971 నాటి కేంద్ర శాసనమే నిలుచునని 1976లో తీర్పు వచ్చినది. రైతు కష్టము నిజమే. కాని అతని మొర విన్నవారికి ఆ యధికారము లేకపోయెను.

మన దేశమున అడవులును, వన్యమృగ పక్షి సంరక్షణయు మొదట రాష్ట్రముల జాబితాలో నుండెను. 1976 నాటి 42వ రాజ్యాంగ సవరణచే అవి ఉమ్మడి జాబితాలో చేరినవి. మనకును వైరుధ్యము వచ్చినచో సాధారణముగా కేంద్ర శాసనమే నిలుచును. భేద మేమనగా, అమెరికాలో కేంద్ర న్యాయస్థానములు వేరు, రాష్ట్ర న్యాయస్థానములు వేరు. మనకు న్యాయస్థానముల వరుస యొక్కటియే. అడవిని కాచువారును రాష్ట్ర అటవీశాఖవారే. కావున అడవి యంచున సేద్యము చేయు మన రైతు ఏ శాసనము ఎవరిదైనను తన మొరను మొదట అటవీశాఖవారికే వ్రాతమూలముగా తెలుపుకొనవలెను.

ఇక మన సంఘముల మాట. గిడ్డంగి తాళము ఎవరియొద్ద నుండవలెను, నూర్పిడి యంత్రము చెడినచో మరమ్మతు ఎవరు చేయింపవలెను, ఇద్దరు సభ్యులకు ఒకేనాడు అది కావలసివచ్చినచో ఎవరి మాట చెల్లును—ఇట్టివానిని తగవు రాకమునుపే సభలో తీర్మానించి, మినిట్సు పుస్తకమునం దెక్కించి, సభ్యులచే సంతకములు చేయించుడు. అట్లు చేసిన సంఘములో ఉమ్మడి గొడ్డు పుచ్చదు, ఒరలో కత్తులు ఒరయవు.